కీరదోస వాసన

తొంభైల చివర్లో, రాజోలు దగ్గర మా ఇంట్లో, ఒక పాదు పీకెయ్యాలా ఉంచాలా అన్న వాదన నడిచింది. అది మా వదిన వేసిన కీరదోస పాదు. పుట్టింటి నుంచి గింజలు తెచ్చుకుని, అత్తింట మొదటిసారి తన చేత్తో నాటుకుంది. తీగ పెరట్లో, కాయలు ఒలిచి పడేసిన కొబ్బరి డొక్కల పోగు మీదికి పాకి, విరగకాసింది.

రెండు రోజులుగా పొద్దున్నే వరండాలోకి ఘాటుగా దోస వాసన వస్తోంది. కాయలు ఎవరూ కోయలేదు. పాము ఆవులిస్తే అలాంటి వాసనే వేస్తుందని మా అమ్మ నమ్మకం. వదినకు ఏడో నెల. పెరట్లోకి వెళ్లొద్దంది అమ్మ. పాదు పీకించేస్తానంది.

“ఆయ్, మీ ఇష్టమండీ అత్తయ్యగారూ” అంది వదిన. తల మాత్రం ఎత్తలేదు.

మూఢనమ్మకాల మీద సభల్లో విరుచుకుపడేవాణ్ని, ఇంట్లో ఊరుకుంటానా? రెండు కాయలు తెప్పించాను. ఒకటి పచ్చిది తరిగితే వాసన గుప్పుమంది. రెండోది కాయ పళంగా ఉడికించి, అప్పుడు కోశాను. ఆ పచ్చి వాసన లేదు.

“చూసేవా అమ్మా? వాసన కాయలో ముందే ఉండదు. కాయ తెగితే, లోపలి కొవ్వు ఆమ్లాలకు ఒక ఎంజైమ్ ఆక్సిజన్ తగిలిస్తుంది. పెరాక్సైడ్ తయారవుతుంది. దాన్ని ఇంకో ఎంజైమ్ ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలదే ఈ వాసన. ఉడికితే ఎంజైమ్‌లు పనిచెయ్యవు. మధ్యలో పామెందుకు?”

అమ్మ రెండు ముక్కలూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

“బానే ఉంది. తెగితేనే వాసనంటావు. మరి మనం కొయ్యకుండా ఎవరు తెంపుతున్నార్రా?”

సభల్లో నన్నెవరూ అలాంటి ప్రశ్న వెయ్యలేదు.

పోగు దగ్గరికి వెళ్లి చూశాం. నాలుగు కాయలు కొరికేసి ఉన్నాయి. అడుగున పందికొక్కు బొరియ. కర్రతో డొక్కలు లాగుతుంటే పాము కుబుసం బయటపడింది. అమ్మ దాన్ని కర్ర కొసన ఎత్తి పట్టుకుంది.

“ఇదెవరిదిరా, మీ ఎంజైమ్ గారిదా?”

గడప దగ్గర వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. వాసన పాముది కాదు, అది రుజువు చేశాను. కానీ అమ్మ చెప్పిన కారణం తప్పని తేలగానే ఆమె భయం కూడా తప్పేనని తేల్చేశాను. అలా తేల్చమని ఏ తర్కమూ చెప్పదు.

డొక్కలన్నీ నేనే మోసి దూరంగా పోశాను. తీగ తెగకుండా వెదురు కర్రల మీదికి ఎక్కించింది అమ్మే.

“పీకేస్తానన్నారు కదండీ?” అంది వదిన.

“పాముంది డొక్కల్లో. పాదేం చేసిందే? పురుడయ్యాక నువ్వే కోసుకుందువుగాని.”

“అప్పటిదాకా కాయలు ఆగుతాయేంటండీ?”

“అయితే నీ మరిది కోసిస్తాడు. ముందు కర్రతో చప్పుడు చేసి వెళ్లమను.”