గుట్ట మీది గీత

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. ఇంట్లో దోమ కుడితే వీధిలోకొచ్చి కొండచిలువ మింగబోయిందని చెప్పే రకం. నేను పది చెబితే మా ఆవిడ అయిదు తీసేసి, మిగిలిన అయిదింటిని రాళ్ళబియ్యంలా చేటలో పోసి ఏరుతుంది. మీరూ చేట దగ్గర పెట్టుకోండి.

తొండుపల్లి దగ్గర ఒక గుట్ట ఉంది. ఎంత ఎత్తంటే, మబ్బులు దాన్ని దాటేటప్పుడు మోకాళ్ళు కొట్టుకుపోయి శంషాబాద్ దాకా కుంటుతాయి. మొన్న పెత్రమాస నాడు మా అన్నను ఆ గుట్ట ఎక్కించాను.

పెత్రమాస అంటే పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య. మా ఇంట్లో పోయినవాళ్ళను సొంత పొలంలోనే పూడ్చేవాళ్ళు. ఏడాదికోసారి ఆ సమాధి ముందు వాళ్ళకు ఇష్టమైనవి పెట్టి దండం పెట్టుకోవాలి. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. ఆమె కూడా మా పొలం మూలనే ఉంది. తర్వాత ఆ పొలం ఎయిర్‌పోర్టులో కలిసింది. ఇప్పుడు అవ్వ దగ్గరికి పోవాలంటే టికెట్ కావాలి. టికెట్ కొన్నా అక్కడ ఆగనివ్వరు, బెల్టు కట్టి ఎగరేస్తారు.

నేల చదును చేయకముందే మా అన్న ఒక పని చేశాడు. సుత్తి, ఉలి పట్టుకుని ఈ గుట్టెక్కి, పైనున్న బండ మీద ఒక గీత చెక్కాడు. దాని మీద నిలబడి గీత వెంబడే చూపు సాగదీస్తే సరిగ్గా అవ్వ సమాధి. వేపచెట్టు పోయింది, బావి పూడింది, గెట్టు లేచిపోయింది. గీత మాత్రం మిగిలింది. అప్పటినుంచి ప్రతి ఏడూ ఇద్దరం వచ్చేవాళ్ళం. నేను సంచి మోసేవాణ్ణి, దిక్కు చూసుకోవడం అన్న పని. ఆయన ఉండగా నాకెందుకులే అని నేనెప్పుడూ ఆ గీత వెంబడి చూడలేదు.

ఈ ఏడాదిలో అన్న చూపును షుగర్ తినేసింది. వెలుగుకూ చీకటికీ తేడా తెలుస్తుంది, అంతే.

"జర మెల్లగ నడువురా. కండ్లు పోయినయ్, కాళ్ళు సుత తీస్తవా?"

"నువ్వే గుంజుకపోతున్నవ్ అన్నా. ఎడ్లబండి కట్టినట్టుంది నాకు."

గుట్టకు అటుపక్క కంకర మిషన్లు పడ్డాయి. పోయినేడు అరచేయంత కొరికినవి, ఈ ఏడు సగం తిని వదిలేసిన లడ్డూలా చేసి పెట్టాయి. అన్నకు ఆ సంగతి చెప్పలేదు. కాలికింద రాళ్ళు జారుతుంటే ఆయనే అడిగాడు.

"గీ కంకరేంది? ముందు గిట్ల లేకుండె."

"వానకు కొట్టుకొచ్చింది."

పైన, నగరం చూడ్డానికి వచ్చిన ఒక కోస్తా పెద్దమనిషి ఉన్నాడు. దూరంగా మసకలో హైదరాబాద్ మేడలు, ఆకాశం కూలకుండా ఎవరో గుంజలు పాతినట్టున్నాయి. ఆయన ఫోన్‌లో భార్యను బాల్కనీలోకి రమ్మని చెప్పి, నేరుగా మా అన్ననే పట్టుకున్నాడు.

"ఏమండీ, మాది పద్నాలుగో అంతస్తండీ. ఇక్కణ్ణుంచి ఎటువైపు కనబడుద్దో కాస్త చూపిస్తారా?"

"మంచోన్నే అడిగినవ్ సార్. నాకు నువ్వే కనవడ్తలేవు."

"అయ్యో, గమనించలేదండీ!"

"ఏం కాదు. మా తమ్మున్ని అడుగు. వాడు లేనియి సుత చూపిస్తడు."

నేను ఆ గుంజల్లో ఒకదాన్ని వేలుపెట్టి చూపించాను. ఆయన దానికి చెయ్యి ఊపి, భార్యను కూడా ఊపమని, సంతోషంగా దిగిపోయాడు. ఆ మేడ ఎవరిదో నాకేం తెలుసు.

"ఇగ గీత చూపియ్యి," అన్నాడు అన్న.

వెతికాను. దొరికింది. అన్న చెయ్యి పట్టి దాని మీద పెట్టాను. చంటిపిల్ల వీపు నిమిరినట్టు ఆ మొన నుంచి ఈ మొన దాకా చాలాసేపు నిమిరాడు.

"గింత లోతు లేకుండె గదరా."

"ఎన్నేండ్ల వాన అన్నా! బండ సుత అరుగుతది."

అన్న లేచాడు. చెప్పులు విప్పి, గీత మీద నిలబడి, ముఖం అటు తిప్పాడు.

"చెప్పు. ఏం కనవడ్తుంది?"

"కంచె. దానెనక గడ్డి."

"పచ్చగుందా?"

"పచ్చగుంది."

"అయితే గాడనే. అవ్వ ఉన్న మూల ఎండకాలం సుత తడి ఆరకపోతుండె."

ఆకులో మక్క గారెలు పెట్టాడు. గ్లాసులో కల్లు ఒంపి, అవ్వ పేరున నేల మీద సాక పోశాడు. అప్పుడే ఒక విమానం లేచి, మా ఇద్దరి నెత్తిన పాపిడి తీసి వెళ్ళింది. గారెలకు కాకి రాలేదు. చప్పుడు పోయేదాకా ఆగి, అన్న రెండు చేతులూ జోడించాడు.

"అవ్వా, ఇగ నాతోని గాదు. వచ్చే ఏటికెల్లి చిన్నోడొస్తడు. వానికి జాగ తెలుసు."

దిగేటప్పుడు నా భుజం మీద ఆయన చెయ్యి ఏనుగు కాలంత బరువుంది.

ఇక చేట బయటికి తీయండి. మబ్బులకు మోకాళ్ళు లేవు, గుట్ట పావుగంటలో ఎక్కవచ్చు. విమానం మమ్మల్ని తాకలేదు. అవన్నీ ఉత్త కోతలు. అసలు అబద్ధం మాత్రం గీత దగ్గరుంది. అన్న చెక్కిన బండ ఉండాల్సిన చోట ఖాళీ ఉంది, దాని కింద క్వారీ గుంత. నేను ఆయన చెయ్యి పెట్టించింది పేలిపోయిన ఒక రాతిముక్క మీద, పేలుడు మందు కూరడానికి మిషన్ తొలిచిన గాడిలో. పచ్చగడ్డి కూడా నేను మొలిపించిందే.

మా అన్న ఆ సాయంత్రం ఎవరి పొలానికి దండం పెట్టాడో నాకు తెలియదు.