ఊగే బటన్

అనంతపురంలో వెబ్ పేజీలు తయారుచేసే ఒకతను నాకు తెలుసు. చూపుడువేలు గాల్లో ఆడిస్తూ, "అన్నా, బొమ్మ కదలాల. కదలకపోతే ఎవురు చూస్తారు" అనేవాడు. ఆ వేలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కరువులో గొర్రెలకు మేత కావలసినవాళ్లు పేరు నమోదు చేసుకునే పేజీని అతనే చేశాడు. చుక్క వాన లేని ఆ ఏడాది పేజీ నిండా బొమ్మ చినుకులు రాలుతుండేవి. పేజీ రూపాన్ని నిర్ణయించే స్టైల్ షీట్‌లో నాలుగు లైన్లు రాసి, 'నమోదు' బటన్‌ను ఉయ్యాలలా ఊగించాడు.

గడువు చివరి రోజు నేను అతని దుకాణంలోనే ఉన్నాను. మడకశిర వైపు నుంచి ఒక గొర్రెల కాపరి ఫోన్ పట్టుకుని వచ్చాడు. అతని కాయలు కాచిన బొటనవేలు ఆనేలోపే బటన్ పక్కకు జరిగేది.

"ఏమప్పా, దీన్ని రవంతసేపు నిలబడమను. నా జీవాలు పస్తుండాయి."

"నిలబెడితే అందం పోతాది పెద్దాయనా. ఇంగోసారి నొక్కు."

ఐదయింది. 'గడువు ముగిసింది' అన్న మాట అక్షరం అక్షరంగా ఎగిరొచ్చి తెర మధ్యలో నిలబడింది. ఆ పేజీలో నిలబడింది అదొక్కటే. కాపరి మెట్లు దిగిపోయాడు.

పేజీ చేసినతను నా వైపు తిరిగి వేలు ఆడించాడు.

"అక్షరాలు ఎట్లా వచ్చినాయో చూసినావా అన్నా?"