మా పాయింట్ గార్డు వడ్డన

మా కాలేజీ సైకిల్ స్టాండుకు ఉన్న రాజభోగం వరంగల్‌లో ఇంకే సైకిల్ స్టాండుకూ లేదు. కింద నున్నటి సిమెంటు గచ్చు, దాని మీద తెల్ల గీతలు, నడుమ ఒక గుండ్రం కూడా ఉంటుంది. సైకిళ్లకు గుండ్రం ఎందుకని మీకు అనుమానం రావాలి. వచ్చిందా? అది ఒకప్పుడు బాస్కెట్‌బాల్ కోర్టు. దాన్ని సైకిళ్ల పాలు చేసిన ఘనుడు అప్పటి ఫిజికల్ డైరెక్టరు, అంటే నేనే. ఒక్క మ్యాచ్‌తో, అదీ ఒక్క మాటతో ముంచాను. ఎలా ముంచానో చెబుతాను, మీరు నవ్వుకోండి. నేను నవ్వడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఎనభైల మొదట్లో సంగతి. అప్పుడు నా తల మీద జుట్టు ఉండేది, తల లోపల గర్వం ఉండేది. ఆ గచ్చు కోసం కనపడ్డ ప్రతి పెద్దమనిషి గడపా తొక్కాను. గీతలు నా చేత్తో నేనే గీశాను. తీరా చూస్తే మూడేళ్లలో మా జట్టు ఒక్క మ్యాచ్ గెలవలేదు. ప్రిన్సిపల్ గారు నన్ను పిలిచి, పిల్లల సైకిళ్లు ఎండకు ఎండి వానకు తడుస్తున్నాయని బాధపడ్డారు. మా జట్టు గురించి మాత్రం బాధపడలేదు. ఈసారి టోర్నమెంటులో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలవకపోతే ఆ గచ్చు మీద సైకిల్ స్టాండు వేయిస్తానన్నారు. ఆయన జన్మలో జోకు వేసిన మనిషి కాదు. అప్పటికే ఆఫీసు వెనక రేకులు దింపించారు. రోజూ వాటి పక్కనుంచే నా రూముకు పోవాలి. గాలికి ఆ రేకులు టపటపమంటే నా గుండె కూడా వాటితోపాటే కొట్టుకునేది.

నా జట్టుకు ఎత్తు తక్కువేం లేదు. కెప్టెన్ యాదగిరి ఆరడుగుల మనిషి, ఎగిరి చెయ్యెత్తితే రింగు అందుతుంది. లేనిదల్లా పాయింట్ గార్డు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: బాల్‌ను అవతలి వాళ్ల మధ్యనుంచి కొట్టుకుంటూ తెచ్చి, సరైన సమయానికి సరైన మనిషికి అందించేవాడు పాయింట్ గార్డు. పరుగంతా వాడిది, పేరంతా ఇంకొకడిది. అలాంటి ఉద్యోగానికి ఎవడొస్తాడు? నోటీసు పెడితే కాలేజీలో సగంమంది వచ్చారు. అందరూ బాస్కెట్‌లో వేసేవాళ్లే. అందించేవాడు కావాలంటే, "అందిచ్చుడెందుకు సార్, నేనే ఏస్త గద" అన్నారు. పొట్టిగా చురుగ్గా ఉన్నవాళ్లను కబడ్డీ మాస్టారు ముందే ఎత్తుకుపోయాడు.

చివరికి ఒకడు దొరికాడు. వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కమీషన్ వ్యాపారి. నేను ఇంటికి పోయి, మీవాడి పని ఇదీ అని గంటసేపు వివరించాను. ఆయన ఓపిగ్గా విని ఒకటే అడిగాడు.

"సార్, మాల్ ఈడికెల్లి ఆడికి మావోడే చేరవేస్తడు. పాయింట్లు ఇంకోని పేర పడ్తయి. మరి నడుమల మనిషికి కమీషన్ లేదా?"

లేదన్నాను. మరునాటి నుంచి ఆ పిల్లవాడు గ్రౌండు వైపు కూడా చూడలేదు.

టోర్నమెంటు దగ్గర పడుతోంది. తిండి సయించడం లేదు. అలాంటి సమయంలో మా అటెండరు ఆశీర్వాదం కొడుకు పెళ్లికని పక్క పల్లెకు పోయాను. చర్చి ముందు పందిట్లో నేల మీద భోజనాల బంతులు సాగుతున్నాయి. విస్తరి ముందు కూర్చుని రేకుల గురించి ఆలోచిస్తున్నాను. అంతలో కూర బకెట్టు పట్టుకుని ఒక బక్క పిల్లవాడు వచ్చాడు. వచ్చాడనడం తప్పు, వంగి జారిపోతున్నాడు. చిన్నపిల్లలు అడ్డం పరుగెత్తుతున్నారు, నీళ్ల జగ్గులు ఎదురొస్తున్నాయి, ఒక ముసలాయన కాళ్లు బారజాపి కూర్చున్నాడు. వాడు ఎవరికీ తగలడు. చూపు ఒకవైపు, గంటె ఇంకోవైపు. కూర మాత్రం విస్తరి మధ్యలో పడుతుంది. నేను అన్నం కలపడం మరిచిపోయాను.

"ఎవరా పిల్లగాడు?" అని ఆశీర్వాదాన్ని అడిగాను.

"మా ఇన్నయ్య సార్, తమ్ముని కొడుకు. మన కాలేజీలనే సదువుతాండు, బీఏ ఫస్టియర్. మీకెర్క లేదా?"

నేను ఊళ్లన్నీ వెతుకుతుంటే, సంకలో పిల్లలా నా కాలేజీలోనే ఉన్నాడు. చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా వాణ్ణి జట్టులో చేర్చుకున్నాను.

మొదటి రెండు రోజులూ ఇన్నయ్య బాల్‌ను చూసి కోడిపిల్ల గద్దను చూసినట్టు చూశాడు. అప్పుడు నాకు ఆ దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. పాఠం చెబితే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉండాలని నా సిద్ధాంతం. తొక్క మీద కాలేసేది కూడా నేనేనని అప్పటికి తెలియదు.

"ఇన్నయ్యా, ఇది బాల్ అనుకోకు, కూర బకెట్టనుకో," అన్నాను. "వీళ్లంత బంతిల కూసున్నోళ్లు. నువ్వు వడ్డిస్తానవ్. గంతే."

వాడి ముఖం వెలిగింది. బాల్ తీసుకుని వంగాడు, జారాడు, అందించాడు. యాదగిరి చేతుల్లో బాల్ పడ్డాక గానీ వచ్చిందని యాదగిరికే తెలియలేదు. నాకు పట్టపగ్గాలు లేవు. పెళ్లి భోజనం ధర్మాలన్నీ బాస్కెట్‌బాల్ సూత్రాలుగా ప్రకటించాను. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చేయొద్దు. అడగకముందే అందాలి. ఎవరి మనసూ నొప్పించొద్దు. ఇన్నయ్య అన్నిటికీ తలూపి, ఒక్క సందేహం అడిగాడు.

"మరి నేనెప్పుడు ఎయ్యాలె సార్, బాస్కెట్ల?"

"వడ్డించెటోడు ఎప్పుడు తింటడు?"

"అందరు తిన్నంక."

"మరి ఇంకేంది?" అన్నాను. ఎంత చక్కగా చెప్పానో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

మ్యాచ్ రోజు వచ్చింది. ఓడితే మాకు అదే ఆఖరి మ్యాచ్. ఖమ్మం వైపు నుంచి వచ్చిన జట్టు మాకంటే బలంగా, ముఖ్యంగా మాకంటే నిమ్మళంగా ఉంది. ప్రిన్సిపల్ గారు షామియానా కింద కుర్చీలో కూర్చున్నారు. ఆయన వెనక గోడకు రేకులు ఆనించి ఉన్నాయి. ఆటను చూడ్డానికి తెచ్చారో, నన్ను చూడ్డానికి తెచ్చారో తెలియదు.

మొదటి సగం మాదే. ఇన్నయ్య సందుల్లోంచి దూరిపోయి అందరికీ అందిస్తున్నాడు. ఖమ్మం వాళ్లకు ఊపిరి ఆడలేదు. ప్రిన్సిపల్ గారు ఒకసారి చప్పట్లు కూడా కొట్టారు. నేను రేకుల వైపు చూసి మీసం దువ్వుకున్నాను.

రెండో సగం మొదలయ్యాక ఏదో తేడా కొట్టింది. ఇన్నయ్య బాల్ వదిలేసరికి అక్కడ ఖమ్మం వాడు ముందే నిలబడి ఉంటున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మళ్లీ మళ్లీ. మా ఆధిక్యం ఎండలో మంచులా కరిగిపోయింది. అప్పుడు చూశాను. ఇన్నయ్య కుడివైపు నుంచి మొదలుపెట్టి వరుసగా ఒక్కొక్కరికీ ఇస్తున్నాడు. ఒకరి తర్వాత ఒకరు, చివరి మనిషి దాకా, మళ్లీ మొదటి నుంచి. తరువాత ఎవరికి పోతుందో ఖమ్మం కెప్టెన్‌కు అర్థమైంది. షామియానా కింద నీళ్లిచ్చే ఆశీర్వాదానికీ అర్థమైంది. ఆఖరున అర్థమైంది నాకే.

టైమవుట్ అడిగి వాణ్ణి పక్కకు లాగాను. వరుస మార్చమన్నాను. ఇన్నయ్య నన్ను పాపం చేయమన్నట్టు చూశాడు.

"వరుస తప్పితే ఎట్ల సార్? నడుమల ఒక్కరిని ఇడిసిపెట్టి పోతే లేసి పోరా? మా ఊళ్లె గట్ల పెండ్లిళ్లె ఆగినయి."

టైమవుట్‌లో ఇంకా అర నిమిషం మిగిలింది. బుద్ధున్నవాడైతే అక్కడ ఉపమానాన్ని పాతిపెట్టి, ఇది బాల్ రా నాయనా అని చెప్పేవాడు. నేను ఇంకో ఉపమానం తీశాను.

"మొదటి వడ్డన అయిపోయిందిరా. ఇప్పుడు మారు వడ్డన. వరుస లేదు. ఎవ్వరి విస్తరి ఖాళీగున్నదో చూసి వాళ్లకే వెయ్యి."

"గా ముచ్చట జర ముందుగాల చెప్పొద్దా సార్," అన్నాడు, తప్పంతా నాదే అన్నట్టు. నిజమే కదా.

ఆ తర్వాత ఇన్నయ్య ఆడిన ఆట నేను మళ్లీ చూడలేదు. ఎక్కడ మనిషి ఖాళీగా ఉంటే అక్కడికి బాల్ పోయింది. పోయిన పాయింట్లు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఆఖరి క్షణాల్లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బాల్ ఇన్నయ్య చేతిలో ఉంది. కోర్టు చుట్టూ కాలేజీ మొత్తం నిలబడింది. ప్రిన్సిపల్ గారు కుర్చీలోంచి లేచారు.

ఇన్నయ్య దూసుకుపోయాడు. యాదగిరికి ఇస్తాడనుకుని ఖమ్మం వాళ్లంతా యాదగిరి మీద పడ్డారు. రింగు కింద ఇన్నయ్య ఒక్కడే మిగిలాడు. ముందు ఎవరూ లేరు, పైన రింగు ఉంది. ఊరంతా "వెయ్యి, వెయ్యి" అని అరుస్తోంది. నేనూ అరిచాను. నా గోలకు వాడు ఇటు తిరిగాడు. వాడి కళ్లు మా జట్టు మీద ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి, గీత బయట చేతులు చాపి నిలబడ్డ నా దగ్గర ఆగాయి. ఆ చూపు నేను పెళ్లిపందిట్లో చూసిందే.

వద్దని తల ఊపాను. మొహమాటానికి వద్దంటున్నానని అనుకున్నాడు. వడ్డించేవాడు వద్దంటే మానతాడా?

బాల్ వచ్చి నా చేతుల్లో పడింది. ఇంత చక్కటి పాస్ నా ఆటగాడి జీవితంలో నాకెవరూ ఇవ్వలేదు. నా గుండెలకు సరిగ్గా, పువ్వులా వచ్చింది. నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను. టైమైపోయిందని విజిల్ మోగింది. ఆట అయిపోయింది.

ఇన్నయ్య రొప్పుతూ నా దగ్గరికి వచ్చాడు. తిట్టాలని నోరు తెరిచాను.

"అందరికి అందింది సార్," అన్నాడు. "మీకు ఒక్కరికే ఒక్కసారి గూడ రాలే."

వాడి కళ్లలో అంత తృప్తి ఉంటే ఏమని తిడతాను? నా కళ్లు చెమ్మగిల్లాయి. వాడు అది ఓడినందుకు అనుకుని, వచ్చేసారి మీకు ముందే ఇస్త సార్ అని ఓదార్చాడు. ప్రిన్సిపల్ గారు మాత్రం నా చేతిలో బాల్ చూసి, మీరు ఏ జట్టులో ఆడుతున్నారని మర్యాదగా అడిగారు. మరునాడు కూలీలు వచ్చి రేకులు ఎత్తారు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. సామెత చెప్పినవాడికి మా ఇన్నయ్య తెలియదు. వాడు కడబంతిలో కూర్చున్నవాడితో ఆగడు, అవతల నిలబడ్డవాడికి కూడా వడ్డిస్తాడు.

అందుకని ఖిలా వరంగల్ నాలుగు రాతి తోరణాల సాక్షిగా, నాలుగు దిక్కులకూ నాలుగుసార్లు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ ఆటగాడికీ ఉపమానం చెప్పను. బాల్‌ను బాల్ అంటాను, బకెట్టును బకెట్టంటాను. ఏ పెళ్లికి పిలిచినా మొదటి బంతిలోనే కూర్చుని, వడ్డించే పిల్లవాడికి విస్తరి చూపించి, నాకు అందింది నాయనా, ఇక నన్ను మరిచిపో అని ముందే చెప్పేస్తాను.