సూర్యుడికి గుడి కట్టిన రోజు

మా దీవిలో, ఈ వకోవా ఊళ్లో వారం రోజులుగా వాన. ఇల్లంతా ఆరని బట్టల ముక్కవాసన. ఈ ఉదయం మంచు కాస్త విడితే, పెరట్లో దండెం మీద చీర ఆరేస్తూ తలెత్తాను. సూర్యుడి చుట్టూ వెలుగు వలయం, గుడి కట్టింది. "మాస్టారూ, చూడండి!" అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నాకు చదువు చెప్పిన ఆ మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. పెరట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

నా పెళ్లినాడూ ఇలాగే గుడి కట్టింది. ఏడాది తిరక్కుండానే మలేరియా జ్వరంతో మా ఆయన పోయాడు. వచ్చినవాళ్లందరితో మా అత్తది ఒకటే మాట: "అయ్యో బోండ్యే, దేవుడా, పెళ్లినాడే సూర్యుడు చెప్పినాడు. దీని కాలే మా పిల్లోణ్ణి మింగేసినాది." వినగా వినగా నేనే చంపానని నమ్మేశాను. అన్నం సయించేది కాదు.

సూరయ్య మాస్టారు మా వీధి చివర గదిలో ఒంటరిగా ఉండేవారు. పగలు బడిలో ప్రకృతిశాస్త్రం, సాయంత్రం మా తెలుగువాళ్ల పిల్లలకు తెలుగు చెప్పేవారు. ఒకరోజు అత్త ఆ మాట ఆయన ఎదుటా అంది. ఆయన నావైపు తిరిగారు.

"ఆ రోజు నీకేం కనబడింది, అమ్మాయ్?"

"నా దురదృష్టం, మాస్టారూ."

"అది కనబడదు. కంటికి ఆనింది చెప్పు."

"సూర్యుడి చుట్టూ గుడి."

"అదీ! దాన్నే ఫ్రెంచిలో ఫెనోమెన్ అంటారు. సియాన్స్, అదే శాస్త్రం, అక్కణ్ణుంచే మొదలు. ఎందుకన్నది తర్వాత వెతకాలి. దొరికిన జవాబు పరీక్షకు నిలవాలి." అత్తతో అన్నారు: "గుడి ఊరంతటికీ కనబడింది కదా, పెద్దమ్మా. ఆ రోజే పెళ్లాడిన మన అప్పడుగాడు నిన్న చెరకు బండి తోలుకుపోయినాడు. వాడికేం కాలేదేం?"

అత్త ముఖం తిప్పుకుంది. ఆమె మారిందని చెప్పను, కానీ ఆ మాట మళ్లీ నా ఎదుట అనలేదు. ఆ పూట కడుపునిండా తిన్నాను.

తర్వాత నేనూ ఆయన దగ్గర చదువుకున్నాను. ఫెనోమెన్‌ను తెలుగులో దృగ్విషయం అంటారని అక్కడే తెలిసింది. ఆయనతో కబుర్లాడాలంటే తలప్రాణం తోకకొచ్చేది. చూసింది పూర్తిగా చెప్పేదాకా "ఎందుకంటే" అననిచ్చేవారు కాదు. ఓ వానపూట అడిగాను, ఒక్కరే ఉంటే దిగులేయదా అని.

"వాన పడుతోంది. గుమ్మంలో ఎవరూ లేరు. ఇంతే కనబడేది. నన్నెవరూ తలచుకోరన్నది కనబడదమ్మా."

ఆయన గొంతు వణికింది. అదీ నాకు వినబడింది.

ఇవాళ కుర్చీ బయటికి తెచ్చుకుని, గుడి కరిగిపోయేదాకా చూశాను. చెప్పుకోవడానికి ఎవరూ లేక ఏడుపొచ్చింది. నేనెవరికీ అక్కర్లేదనుకోబోయి, ఆగాను. వీధి ఖాళీగా ఉంది. ఇప్పటికి కనబడేది అంతే.