పద్నాలుగు మందికి నాలుగు గదులు

ఓడలో గదుల పటం నా ఫోనుకు వచ్చింది సోమవారం నాడు. ఎవరు ఏ గదిలో ఉంటారో రాసి శనివారం సాయంత్రంలోగా పంపాలి. ఆ ఐదు రోజుల్లో నేను ఒక్క పూట కూడా కూర్చుని అన్నం తిన్న గుర్తు లేదు. మామూలుగానే నాకు కుదురు తక్కువ. బడిలో కుర్చీ ఉన్నా నిలబడే పాఠం చెబుతాను. సినిమాకు పోతే ఇంటర్వెల్ కాకముందే రెండుసార్లు లేచి బయటికి పోయి వస్తాను. మా ఆయన నన్ను కాలుగాలిన పిల్లి అంటాడు. అలాంటి దాని మీద పద్నాలుగు మందిని నాలుగు గదుల్లో సర్దే పని వచ్చి పడింది. వచ్చి పడింది అనడం అబద్ధం. నేనే లాక్కున్నాను.

బాపు గొర్లను అమ్మేసిన ఏడాది అది. మా ఊరు నార్కట్‌పల్లి చౌరస్తా నుంచి లోపలికి ఏడెనిమిది కిలోమీటర్లు. చిన్నప్పటి నుంచీ మంద వెంట తిరిగిన మనిషి, మోకాళ్లు మొరాయించడంతో గొర్లను అమ్మి ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాడు. నెల తిరక్కముందే ఇంట్లో అందరి ప్రాణాలూ తోడడం మొదలుపెట్టాడు. కూరలో ఉప్పు నుంచి బోరు మోటారు దాకా అన్నిట్లో వేలు పెట్టడమే. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఒక ఆదివారం వచ్చి, అందరం కలిసి చెన్నైలో ఓడ ఎక్కుదామన్నాడు. మూడు రోజులు సముద్రం మీద తిరిగి మళ్లీ చెన్నైలోనే దిగడం. తిండీ పడకా అన్నీ ఓడలోనే.

"నీళ్ల మీద నడిసే బంగ్లనా? పోదం పా," అన్నాడు బాపు, అప్పుడే బయల్దేరుతున్నట్టు రుమాలు దులిపి భుజాన వేసుకుంటూ.

అమ్మ అప్పుడు ఇంటి వెనక బర్రెకు కుడితి పెడుతోంది. ఆమెకు సంగతి తెలిసేసరికి మేం తేదీ కూడా అనేసుకున్నాం.

అంతకుముందు మేం ఊళ్లు తిరగలేదని కాదు. ఏటా యాదగిరిగుట్టకు పోయేవాళ్లం. ఒకసారి ఆలంపూర్ పోయి జోగులాంబను చూసి, తుంగభద్రలో స్నానాలు చేసి వచ్చాం. ఎక్కడికి పోయినా ఒక పెద్ద హాలు కిరాయికి తీసుకోవడం, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చాపలు పరచడం. మగవాళ్లు ఒక వరస, ఆడవాళ్లూ పిల్లలూ ఒక వరస. అమ్మ ఎప్పుడూ తలుపు దగ్గర, చివరి చాప మీద. పిల్లల్లో ఎవరు బయటికి పోవాలన్నా ముందు ఆమెను లేపేవాళ్లు. గదులు పంచుకోవడమనే పని మా ఇంటావంటా లేదు. ఓడలో మరి హాలు ఉండదట. అన్నీ తలుపులే.

పటాన్ని జిరాక్సు దుకాణంలో పెద్దగా తీయించి, రెండు కాగితాలు అతికించి ఇంట్లో గోడకు అంటించాను. పొడుగాటి నడవా, దానికి రెండు పక్కలా అగ్గిపెట్టెల్లాంటి గదులు. కొన్నిటికి బాల్కనీ ఉంది, కొన్నిటికి గుండ్రటి కిటికీ ఉంది, లోపలి వరసలో ఉన్నవాటికి కిటికీయే లేదు. ఒక్కో గదిలో కింద రెండు మంచాలు. ఇంకిద్దరు ఉంటే రైల్లో లాగా గోడకున్న పై బెర్తులు దించుతారు. మీకు నాలుగు గదులు చాలునని టికెట్లు ఇప్పించే ఏజెంటు చెప్పాడు.

చూస్తే ఎంత సులువు! అన్నా వదినా వాళ్ల ఇద్దరు పిల్లలకు ఒక గది. నాకూ మా ఆయనకూ మా ఇద్దరు పిల్లలకూ ఒకటి. తమ్ముడికీ మరదలికీ వాళ్ల ఏడాదిన్నర చంటివాడికీ ఒకటి. బాపు, అమ్మ, భర్త పోయాక బాపు వాళ్లింట్లోనే ఉంటున్న మేనత్త, ఈ ముగ్గురికీ ఒకటి. సోమవారం సాయంత్రానికే రాసేసి గర్వంగా అందరి ఫోన్లకూ పంపాను. పావుగంటలో నా గర్వం దిగింది.

ముందు, చంటివాడితో ఊళ్లో అమ్మ దగ్గరే ఉంటున్న మరదలు ఫోన్ చేసింది. "వదినా, చంటోడు అత్తమ్మ లేంది పండడు. అత్తమ్మను మా దాంట్ల ఎయ్యి."

తర్వాత వదిన. "మా పిల్ల పెద్దగైంది. నాయిన, తమ్ముడు ఉన్న గదిల అది ఎట్ల పంటది? దాన్ని అత్తమ్మతోటి ఉంచు."

మేనత్త సంగతి నాకు ముందే తెలుసు. "నాకు ఆయాసమొస్తే వదినె లేసి మందిస్తది. మీ బాపు లేస్తడా?" అంది. బాపు సంగతి మరీ అన్యాయం. ఓడలో ఎప్పుడంటే అప్పుడు ఛాయ్ దొరుకుతుందని ఎంత చెప్పినా, "ఓడోళ్ల ఛాయ్ నాకెందుకు? మీ అమ్మ ఏడుంటే నేనాడ," అన్నాడు.

నా సంగతి నేనెవరికీ చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ నాకు బస్సెక్కితే వాంతులు. మహబూబ్‌నగర్‌లో మా చిన్నమ్మ ఇంటికి పోయే బస్సులో, దారి పొడుగునా అమ్మ నా నుదురు పట్టుకుని కూర్చునేది. ఆ చెయ్యి నుదుటి మీద ఉంటే కడుపులో తిప్పడం సగం తగ్గేది. ఓడ అంటే మూడు రోజుల బస్సు కదా అని నా భయం.

అందుకే అందరి పేర్లూ పెన్నుతో రాసి, అమ్మ పేరు మాత్రం పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాను. ఎటుబడితే అటు జరపాల్సిన పేరు అదొక్కటే. రాస్తున్నాను, చెరుపుతున్నాను, లేచి తిరుగుతున్నాను, మళ్లీ వచ్చి రాస్తున్నాను. పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయాయి. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక పేపరు వెనక గదులు గీశాను. మా ఆయన ఆ పేపరు చూసి, "ఈ పిల్లగానికి ఎన్ని మార్కులేసినవ్? నాలుగు గదులా?" అన్నాడు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

బుధవారం నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. కాపురానికి వచ్చి నలభై ఐదేళ్లయినా అమ్మకూ బాపుకూ తమది అనే గది ఎన్నడూ లేదు. ఆయన మంద దగ్గర గొంగడి కప్పుకుని పడుకునేవాడు, ఆమె ఇంట్లో మా మధ్య పడుకునేది. వాళ్లిద్దరికే బాల్కనీ ఉన్న గది ఇస్తే? అప్పటికప్పుడు, మధ్యాహ్నం బడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను.

అమ్మ నవ్వింది. "ఈ వయసుల మాకు జోడు మంచమా? నలుగురు నవ్వుతరు బిడ్డా." సిగ్గుపడుతోంది అనుకున్నాను. "అది గాదు, నాకు..." అని ఇంకేదో చెప్పబోయింది. ఇంతలో గంట కొట్టారు. తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. తర్వాత మాట్లాడలేదు.

శనివారం మధ్యాహ్నానికి అందరం ఊళ్లో మా ఇంట్లో చేరాం. అప్పటికి నేను రాసినవి పదకొండు కాగితాలు. పదకొండింటిలో ఏదీ ఎవరికీ నచ్చలేదు. ఏజెంటు రెండుసార్లు ఫోన్ చేశాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే బాపు నన్ను మోచేత్తో పక్కకు నెట్టాడు.

"గొర్లను దొడ్లల్ల ఏసినంత పని. దీనికి గింత లొల్లా? నువ్వు జరుగు."

నా సంచిలోంచి సుద్దముక్క తీసుకుని బండల మీద నాలుగు డబ్బాలు గీశాడు. గంపలోంచి పల్లికాయలు తెచ్చుకుని, మనిషికొక కాయ చొప్పున పేర్చడం మొదలుపెట్టాడు. పెద్దవాళ్లకు పెద్ద కాయలు, పిల్లలకు చిన్నవి. "పిల్లతల్లులు ఒక దిక్కు. పొట్టేళ్లు ఒక దిక్కు. ముసలియి గాలి తగిలే దిక్కు." మా ఆయననూ అన్ననూ పొట్టేళ్లలో వేశాడు. ఆడపిల్లలను మేనత్త పక్కకు చేర్చాడు. నిజం చెప్పాలంటే, ఐదు రోజుల్లో నేను చేయలేనిది ఆయన ఐదు నిమిషాల్లో చేశాడు. చివరికి చేతిలో ఒక కాయ మిగిలింది. దాన్ని నాలుగు డబ్బాల గీతలూ కలిసే చోట, సరిగ్గా నడుమ పెట్టాడు.

"ఇది మీ అమ్మ. నడిమిట్ల ఉంటది. ఎవలు పిలిస్తే అటు పోతది."

"నడిమిట్ల గది ఉండదు బాపూ, నడవా ఉంటది," అన్నాను.

"ఏదో ఒకటి రాయరాదు. మీ అమ్మ ఏమన్నంటదా?"

మళ్లీ లొల్లి మొదలైంది. చంటివాడి సంగతేమిటని మరదలు, ఆయాసం సంగతేమిటని మేనత్త. ఆ లొల్లిలోనే అమ్మ ఛాయ్ గ్లాసుల పళ్లెం తెచ్చి కింద పెట్టింది. డబ్బాల కేసి కాసేపు చూసింది.

"దీంట్ల నేనేది?"

అందరం ఒకేసారి నడుమనున్న కాయను చూపించాం. అమ్మ వంగి దాన్ని తీసింది. తినేస్తుందేమో అనుకున్నాను. నాలుగు అడుగులు వేసి, డబ్బాలన్నిటికీ దూరంగా గోడ వారన పెట్టింది.

"గీడ ఒక గీత గియ్యి," అంది నాతో.

పోయి ఆ కాయ చుట్టూ డబ్బా గీశాను. "దీంట్ల ఎవరెవరమ్మా?"

"నేనే."

"నువ్వూ, ఇంకా?"

"నేనొక్కదాన్నే."

మేనత్త ముక్కు మీద వేలేసుకుంది. "ఏందే వదినె, అలిగినవా?"

"అలుగుడేంది?" అమ్మ గొంతు పెంచలేదు. "అత్త మంచం పడితే నాలుగేండ్లు ఆమె కాళ్లకాడ పండుకున్న. అంతకుముందు బిడ్డ కాన్పులు, కోడండ్ల కాన్పులు. అంతకుముందు ఈనే గొర్లు. ఎవలు పిలుస్తరో అని ఒక చెవు ఏసుకొనే పండుకున్న ఎప్పుడైనా. మూడు రోజులే అడుగుతున్న."

 బాపు, "ఒక్కదానివి, భయమైతే?" అన్నాడు.

"నువ్వు మంద ఎంబడి కృష్ణ ఒడ్డుకు పోతే నెలలకు నెలలు పిల్లలనేసుకొని ఒక్కదాన్నే ఎల్లదీసిన. అప్పుడు అడిగినవా భయమైతదని?"

బాపు డబ్బాలోంచి ఒక పల్లికాయ తీసి ఒలుచుకుని నోట్లో వేసుకున్నాడు. అది మా అన్న అయి ఉంటుంది.

గదిలో ఒక్కరే ఉన్నా ఇద్దరి టికెట్టు కట్టాలని తమ్ముడు నసిగాడు. నేను కడతాను నోరు మూసుకొమ్మన్నాను. ఏజెంటుకు ఫోన్ చేస్తే, లోపలి వరసలోనే ఒక గది మిగిలిందనీ దానికి కిటికీ ఉండదనీ చెప్పాడు. ఆ మాట అమ్మకు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. సముద్రం చూడడానికి పోతూ కిటికీ లేని గదా?

"మంచిదే," అంది అమ్మ. "ఎవలు తొంగిసూడరు." మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "లోపటికెల్లి గొళ్లెం ఉంటదా?"

 మా ఇంట్లో గొళ్లెం ఉన్నది వీధి తలుపుకే. లోపలి గదులకు పరదాలే. ఉంటుందని తలూపి, పెన్ను తీసి, ఐదో గది రాసి దానిలో అమ్మ పేరు రాశాను. చెరిపినవీ కొట్టేసినవీ ఆ పదకొండు కాగితాలూ చింపేటప్పుడు చూసుకుంటే, ఏడింటిలో అమ్మ నా గదిలోనే ఉంది. మిగిలినవాళ్లను స్వార్థపరులని తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

ఓడ ఎక్కిన రోజు, గదులు చూసే అబ్బాయి తలుపుకు తగిలించే అట్ట ఒకటి అమ్మకు ఇచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఎర్రవైపు పైకి పెట్టి తగిలిస్తే ఎవరూ తలుపు కొట్టరని నేను వివరించాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, పసుపూ కుంకుమా పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుంది.

ఆ సాయంత్రం నేను అనుకున్నట్టే వాంతులు చేసుకున్నాను. మా ఆయన నా నుదురు పట్టుకోబోయి కళ్లలో వేలు పెట్టాడు. మర్నాడు పొద్దున అందరం టిఫిన్ల దగ్గర కూర్చున్నాం. చంటివాడు తమ్ముడి ఒళ్లో ఇడ్లీ చిదుముకుంటున్నాడు. ఎనిమిదిన్నర అయింది. నాలుగింటికే లేచే మనిషి, అమ్మ రాలేదు. బాపు ముందు ఛాయ్ చల్లారిపోయింది. ఆయన చూపంతా తలుపు మీదే ఉంది.

"జర పోయి సూడు బిడ్డా," అన్నాడు.

నాకూ ఆ మాటే కావాలి. ఆ పొడుగాటి నడవాలో ఉరికినంత పని చేశాను. తలుపుకు ఎర్ర అట్ట వేలాడుతోంది. దాని ముందు నిలబడి కాసేపు చేతులు నలుపుకున్నాను. రెండడుగులు వెనక్కి వేశాను. ఆగలేక కొట్టాను.

"ఎవలు?"

"నేనే అమ్మా."

"ఎవలికన్న బాగలేదా?"

"లేదు. అందరు మంచిగనే ఉన్నరు."

"చంటోడు ఏడుస్తున్నడా?"

"లేదు, తింటున్నడు."

"మరి పో."

తలుపు తెరవలేదు. నన్ను అమ్మ పొమ్మనడం నా నలభై మూడేళ్లలో అదే మొదటిసారి. కొట్టినప్పుడు పక్కకు తిరిగిన అట్టను సరిచేశాను. ఆ గొంతులో కోపం లేదు, నిద్ర ఉంది. నిద్రమత్తులో అమ్మ గొంతు ఎట్లా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు.