కదలని బండికి గొలుసు

మొన్న నంద్యాల స్టేషనులో మా రైలు ఆగి ఉండగా పక్క పట్టాల మీది బండి కదిలింది. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఛీ, ఇన్నేళ్లయినా బుద్ధి రాలేదనుకుని, కొంగు సర్దుకుంటున్నట్టు నటించాను.

పందొమ్మిది వందల యాభై ఆరో సంవత్సరం, పెళ్లయిన కొత్త. మా ఆళ్లగడ్డకు రైలు లేదు. నేనెరిగింది బస్సే. ఎవరినైనా వదిలేసి అది కదిలితే రేకు మీద దబదబ కొట్టి అరవాలి, నిలుస్తుంది. నంద్యాల బడిలో సైన్సు చెప్పే మా ఆయన, నేను, మా అత్త పాణ్యం పోవడానికి రైలెక్కాం. ఆయన చెంబు పట్టుకుని నీళ్లకు దిగారు. నేను ప్లాట్‌ఫారానికి అవతలి పక్క కిటికీలోంచి, ఆనుకుని ఆగి ఉన్న గూడ్సును నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఉన్నట్టుండి మా బండి కదిలింది! గూడ్సు పెట్టెలు వెనక్కి పోతున్నాయి. కాళ్ల పారాణి ఆరకముందే మొగుణ్ణి పోగొట్టుకున్నానే అని గుండె గుభేలుమంది. చెక్కగోడను దబదబ బాదుతూ "నిలపప్పా, మా ఆయన కిందుండాడు!" అని అరిచాను. ఎవరూ నిలపలేదు. లాగితే బండి నిలుస్తుందని మా ఆయన చెప్పిన గొలుసు పైన కనబడితే ఎగిరి వేలాడాను.

గార్డు వచ్చాడు, వెనకాలే చెంబుతో మా ఆయన. గార్డు నన్ను ఎగాదిగా చూసి, "నిలబడిండే బండిని నిలిపేది ఈపొద్దే చూస్తాండా తల్లీ! కదిలింది గూడ్సు" అన్నాడు. పెట్టెంతా గొల్లున నవ్వింది. మా అత్త "ఆళ్లగడ్డోళ్లకు బస్సొకటే తెలుసులే" అని ముఖం తిప్పుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. పాణ్యం దాకా ముఖం మీంచి కొంగు తియ్యలేదు.

అంతటితో పోయిందా! మా ఆయన ఏటేటా ఆ కథను, పేరు లేకుండా, చలనం పాఠంలో చెప్పేవారట. ఒకరోజు ఇంటికొచ్చిన బడిపిల్ల ఒకతి "అమ్మా, గొలుసు లాగింది నువ్వేనా?" అని అడిగేసరికి సిగ్గుతో చచ్చాను. ఆ పూట ఆయనకు అన్నం వడ్డించకుండా కూర్చున్నాను.

"పేరు చెప్పలే కదే," అన్నారాయన. "తప్పేముండాది? గూడ్సునే చూస్తాంటే మనమే పోతాండేట్టుంటాది ఎవురికైనా. ఈ పక్కకు తిరిగింటే నేను ఆడనే కనపడతాంటి."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. మొన్న లేచిన చేతిని దించుకుని, ఈసారి ప్లాట్‌ఫారం వైపు తిరిగి చూశాను. కొళాయి దగ్గర ఎవరెవరో ఉన్నారు. కాసేపటికి నిజంగానే మా బండి కదిలింది. ఆయన నన్ను వదిలి పోయారంటారు అందరూ. నాకు మాత్రం ఆయన ఆనాటి వయసులోనే చెంబు పట్టుకుని ఆ కొళాయి దగ్గరే నిలబడి ఉన్నారు, పోతున్నది నేనే. కాలానికి గొలుసంటూ ఉంటే, పెట్టెంతా నవ్వినా సరే, ఎగిరి లాగేదాన్ని.