ఓబులేసు బెండు బండి

ఏప్రిల్ నెల, బుధవారం. కంబదూరు దగ్గర పల్లెలో అక్క ఇల్లు. హాజరు: 1. నేను. 2. అక్క లక్ష్మీదేవమ్మ. 3. అక్క కోడలు సుజాత.

ఏ రోజు డైరీ అయినా ఇలాగే మొదలుపెడతాను. ఎక్కడున్నాను, ఎవరెవరున్నారు, ఆ తర్వాత సంగతి. దెయ్యాలను నమ్మినట్టు ఆ డైరీల్లో ఒక్క మాట దొరకదు. శ్మశానం పక్కనున్న క్వార్టర్సులో పదకొండేళ్లు కాపురం చేశాను. తలుపు కొట్టుకుంటే లేచి గడియ బిగించుకునేవాణ్ని, అంతే.

గుంతకల్లు రైల్వేలో ముప్పై నాలుగేళ్లు ట్రేసర్‌గా పనిచేశాను. ఇంజనీర్లు గీసిన ప్లాను మీద పల్చటి గుడ్డ పరిచి, గీత మీద గీత వేయడం నా పని. రిటైరయ్యాక మనవరాలు ఒక ట్యాబ్, దాని పెన్సిలు ఇచ్చి బొమ్మలు వేయడం నేర్పింది. మా చిన్నప్పటి వస్తువులు, ఇప్పుడెవరికీ గుర్తులేనివి వేస్తూ వచ్చాను. రాతిపలక, లాంతరు, సిరాబుడ్డి, చెక్క బొంగరం. బెంగపడి వేసినవి కావు. ప్లాను గీసినట్టే గీశాను.

అక్కకు ఒక కన్ను ఇదివరకే పోయింది. రెండోది కూడా ఎక్కువ రోజులు ఉండదని డాక్టరు చెప్పాడు. అందుకే బొమ్మలు చూపించడానికి వెళ్లాను. ట్యాబ్‌ను ముక్కుకు ఆనించుకుని అన్నీ చూసింది.

"ఏమప్పా, లాంతర్లూ సిరాబుడ్లూ గీసినావు. మన ఓబులేసు బండి యాడుండాది?"

ఓబులేసు మా తమ్ముడు. తొమ్మిదో ఏట జ్వరంతో పోయాడు. ఆ ఏడాదే జొన్నదంటు లోపలి బెండుతో బండి చేశాడట. నేను అనంతపురంలో హాస్టల్లో ఉన్నాను. వచ్చేసరికి వాణ్ని, వాడితో పాటు ఆ బండినీ పూడ్చేశారు. వాడి ఫోటో ఒక్కటీ లేదు. నేను డైరీ మొదలుపెట్టింది మరుసటి ఏడాది. వాడి గురించి అందులో ఒక్క వాక్యం లేదు.

"నేను చూల్లేదు కదక్కా, ఎట్ల గీసేది?"

"అన్నేండ్లు గీతలు గీసి జీతం తింటివి, బెండు బండి గీసేకి రాదా? చూపుండంగానే ఒకతూరి చూడల్లప్పా."

సుజాత నవ్వింది. "గీసెయ్ మామా, లేకుంటే ఈ పొద్దు నీకు సంగటి లేదు" అని, పక్కింట్లో విత్తనం కాయలు వలవడానికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నాను. ఆ రోజుల్లో పిల్లలందరూ చేసే బండినే గీశాను. రెండు చక్రాలు, ఇరుసు, కాడి. మూడింటికి ట్యాబ్ మంచం మీద పెట్టి, దొడ్లో తొట్టి దగ్గర ముఖం కడుక్కుని వచ్చాను. పది నిమిషాలు పట్టి ఉంటుంది. అక్క చాప మీద నిద్రపోతోంది. వీధి తలుపుకు గడియ నేనే వేశాను. ట్యాబ్ తెరవాలంటే నాలుగంకెలు నొక్కాలి. అవి నాకూ, ఊళ్లో లేని మనవరాలికీ తప్ప తెలియవు.

తెరిచి చూస్తే బండి ఇరుసు కింద ఏదో వేలాడుతోంది. ఒక దారం, దాని చివర నడుము సన్నగా ఉన్న చిన్న వస్తువు. నేను వేయలేదు. అదేమిటో కూడా అర్థం కాలేదు.

ఆ యాప్ ప్రతి గీతనూ వేసిన వరుసలోనే దాచుకుంటుంది. కావాలంటే బొమ్మను మొదటి నుంచి మళ్లీ గీసి చూపిస్తుంది. మూడుసార్లు చూశాను. నా గీతలన్నీ ఎడమ నుంచి కుడికి నడిచాయి. ఉద్యోగంలో పడ్డ అలవాటు అది. చివరి ఏడు గీతలు మాత్రం కుడి నుంచి ఎడమకు వెళ్లాయి. గబగబా, ఎక్కడా తడబడకుండా. అలాగే నా ఎడమచేత్తో వేసి చూశాను. గీత వణికింది.

భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. ఈ వివరాలన్నీ డైరీలో రాసుకుని, పెట్టిన సంగటి తిని పడుకున్నాను.

మరునాడు ఉదయం అరుగు మీదికి ఎండ వచ్చాక ట్యాబ్ అక్క చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. వేలు సరిగ్గా ఇరుసు కింద పెట్టింది.

"చెనిక్కాయ" అంది. అవును, వేరుశనగకాయే. "పెద్ద బండ్లకు కందెన గొట్టం ఏలాడతాది కదా, మన బండికీ ఉండల్ల అని చెనిక్కాయకు దారం కట్టినాడు. నీకెవురు చెప్పిరి?"

"ఎవురూ చెప్పలేదక్కా."

"ఆ పుర్రచెయ్యోడు ముడి గూడా తిరగేసే ఏస్తాండె. జొరంలో గూడా బండిని ఎవుర్నీ ముట్టనీలే. అన్న వచ్చినాక చూపించల్ల అంటాండె."

వాడిది ఎడమచేతి వాటమన్న సంగతి ఆ మాట వినేదాకా నాకు గుర్తు లేదు.

లోపలికి వెళ్లి నిన్నటి పేజీ తీశాను. హాజరులో సుజాత పేరు కింద 4 అని అంకె వేశాను. దాని పక్కన పేరు రాయడానికి ఇవాళ్టికీ నా దగ్గర ఆధారం లేదు. ఆ అంకెను కొట్టేయడానికీ లేదు.